ఎత్తేసే విమానం

యశ్వంతపూర్ స్టేషన్

యోగానంద బావకు,

చవగ్గా దొరికిందని అమ్మకు మీరు తీసిన జోధ్‌పూర్ విమానం టికెట్ పనికిరాకుండా పోయింది. విమానాలవాళ్లు రెండుసార్లు తేదీ మార్చి, ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తడం లేదు. "ఆ విమానాల కంపెనీ ఎత్తేస్తారంటమ్మా" అంటే అమ్మ నవ్వింది. "ఎత్తకుంటే ఎట్ల ఎగుర్తాదప్పా?" అంది. మూసేస్తారని విడమరిచి చెప్పాక నవ్వు ఆగిపోయింది. "అట్లయితే శిల్ప కాన్పుకి నేను యాడుంటా?" అని అడిగింది.

మీ మీద ఒళ్లు మండిపోతోంది బావా. మన వల్లూరు చుట్టూ కనుచూపు మేర సోలార్ ప్యానెళ్లే ఉంటే, అదే పనికి రాజస్థాన్ పోయారు. రైలుకు తియ్యమని మొదటే మొత్తుకున్నాను. "ఏం కాదులే" అన్నారు.

ఈరోజు అమ్మను జనరల్ పెట్టెలో ఎక్కిస్తున్నాను. ఫోన్‌లో తిడితే పక్కనున్న శిల్పక్క వింటుందని ఈ ఉత్తరం రాసి అమ్మ చేతికే ఇస్తున్నాను. ఆమెకు చదువు రాదు. స్టేషన్‌కు మీరే రమ్మని ఫోన్‌లో చెబుతాను. ప్రయాణం ఎట్లా జరిగిందని మాత్రం ఎవరి ముందూ అడగకండి. పొద్దున ఊళ్లో ఆటో ఎక్కుతూ, పక్కింటి కెంచమ్మకు వినిపించేలా, "బిరీన పోనీప్పా, విమానానికి టైమైతాది" అని ఆమే గట్టిగా అరిచింది.

మీ బావమరిది