పాప పనికి రాదు

అమ్మలూ, నీ కూతురు చదివేసింది! ఎవరో చదువుతుంటే విని బట్టీపట్టింది కాదు, ఊళ్లో అందరం కలిసి సెలూన్లో పెట్టుకున్న లైబ్రరీకి ఇవాళే వచ్చిన కొత్త పుస్తకం. నాకు గడ్డం గీస్తుండగా పక్కన బల్లమీద కూర్చుని, వేలు జరుపుకుంటూ, కూడబలుక్కుని ఒక పేజీ మొత్తం చదివింది. నేను నురగ మొహంతోనే లేవబోయాను. "పెద్దాయనా, కత్తి మెడమీదుంది, కదలకు!" అని సెలూనతను గదమాయించాడు గానీ, కత్తి పక్కన పెట్టి అతనూ విన్నాడు.

వేసవిలోగా చదువు రాకపోతే నీతో కుట్టుపనికి తీసుకుపోతానన్నావు. ఇక ఆ మాట ఎత్తకు తల్లీ. నీ దగ్గు తగ్గిందా? వచ్చేటప్పుడు నాకో కళ్లజోడు పట్టుకురా, అది చదివేది నేనూ చూడాలి. నీకు నా దీవెనలు. మీ అత్తగారికీ, బావగారికీ, పిన్నికీ ఈ కబురు చెప్పు. అందరికంటే ముందు, అక్కడ పాపకి పని చూసిపెట్టిన నీ ఆడపడుచుకి చెప్పు, పిల్ల రాదని.