నాన్నకు పడదని చెప్పాను

అక్కకు నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నాన్న ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు. నువ్వూ బావగారూ పిల్లలూ కులాసా అని తలుస్తాను.

నాన్న తింటున్నారా అని అడిగావు. లేదక్కా, తొమ్మిది రోజులుగా ముక్కులో గొట్టమే. నోట్లోంచి గొట్టం దింపి పిత్తనాళంలో రాయి తీయడం సుఖంగానే జరిగింది. సాయంత్రానికల్లా కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయారు. క్లోమం వాచిందన్నారు. బడి మైదానంలో వెయ్యిమందిని ఒక్క ఈలతో నిలబెట్టిన డ్రిల్లు మాష్టారు, ఇప్పుడు పక్కకు ఒత్తిగిల్లాలన్నా నా చెయ్యి వెతుక్కుంటున్నారు. నా దుకాణం సంగతి కూడా అడిగావు. తెరవడం లేదు. కత్తెర ముట్టనే లేదు.

ఇక నువ్వు రెండు ఉత్తరాల్లోనూ అడిగిన మాట. రాయి తీసేముందు మలద్వారంలో నొప్పి మాత్ర పెట్టించమన్నావు, దానితో క్లోమం వాచే ప్రమాదం తగ్గుతుందన్నావు. నర్సువి, నీకు తెలుసు. పెట్టించానని రాశాను. అబద్ధం అక్కా.

ఆ ఉదయం మాత్ర తెచ్చిన నర్సు, నాన్న దగ్గర చదువుకున్న పిల్లే. ఆమెను చూడగానే ఆయన మొహం పాలిపోయింది. నా చొక్కా పట్టుకుని, "ఒరేయ్, ఆ పిల్ల చేత వద్దురా. ఏదో ఒకటి చెప్పు, నీకు పుణ్యముంటుంది" అన్నారు. ఆయన నన్ను బతిమాలడం నేను పుట్టాక అదే మొదలు.

"నొప్పి మాత్రలేవైనా పడవా?" అని ఆ అమ్మాయి అలవాటుగా అడిగింది.

"అస్సలు పడవమ్మా. ఒళ్లంతా దద్దుర్లొస్తాయి" అన్నాను.

ఆమె ఎర్రసిరాతో రాసుకుని వెళ్లిపోయింది. నాన్న నా వీపు తట్టారు.

నిన్న డాక్టరుగారికి నిజం చెప్పాను. ఆయన ఆ ఎర్రసిరా రాత కొట్టేశారు.

"పెట్టి ఉంటే ఇలా అయ్యేది కాదా సార్?"

"పెట్టినా కొందరికి వస్తుంది. పెట్టకపోయినా చాలామందికి రాదు. మీ నాన్నగారి సంగతి ఎవరూ చెప్పలేరు."

తిట్టినా బాగుండేది.

ఈ ఉదయం నాన్న కళ్లు తెరిచి, "అన్నీ వాళ్లు చెప్పినట్టే చేశాంగా, నాకే ఎందుకిలా అయిందిరా?" అన్నారు. ఆ మాత్ర సంగతి ఆయనకు గుర్తే లేదు. నేను దుప్పటి సర్దుతూ ఉండిపోయాను. మళ్లీ అడిగారు.

నువ్వు బయలుదేరి రా అక్కా. ఆయనకు ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

ఇట్లు,
నీ మాట వినని తమ్ముడు