రెండు గాజు పలకలు

ఏలూరు,
1936 నవంబరు 18, బుధవారం.

ప్రభువునందు ప్రియులైన అన్నయ్య సత్యానందం గారికి, వదిన రూతమ్మకు మీ చెల్లెలు విక్టోరియా వందనములు. పాప నిర్మలకు ముద్దులు. ఇక్కడ నేను క్షేమం అని రాయాలి గానీ రాయలేకపోతున్నాను.

మీరు పడవ మీద పాపారావు చేత పంపిన నాన్నగారి కళ్లె సీసా సోమవారం అందింది. నాన్నగారేమో చుట్ట మానేస్తే దగ్గు దానంతటదే పోతుందంటారు. నేనూ అదే నమ్ముకుని ఆయన కళ్లె పరీక్షకు కూర్చున్నాను.

ఆసుపత్రిలో నీ పనేమిటని మీరు అడుగుతుంటారు కదా. కంటికి ఆనని జీవుల్ని తెగలుగా విడదీయడమే నా పని. మలేరియా తెచ్చేది జంతువుల వైపు చేరుతుంది. బాక్టీరియాను మొక్కల్లో లెక్కేస్తారు. వేరూ ఆకూ లేని మొక్కలేమిటని మొదట్లో నవ్వుకున్నాను. వాటిలో మళ్లీ గుండ్రటివి, కడ్డీల్లాంటివి, కలరా తెచ్చే వంకరవి. ఆకారం ఒక్కటీ చాలదు, రంగు వేసి చూడాలి. క్షయ కడ్డీలకు ఎరుపు పట్టిందంటే యాసిడ్ పోసి కడిగినా వదలదు, మిగతావన్నీ వెలిసిపోతాయి. మన వైపు మనిషి మొహం చూసి ఏ పేటవాడో తేల్చేస్తారే, దానికన్నా ఇది న్యాయం.

అన్నయ్యా, ఎర్ర కడ్డీలు కనబడ్డాయి.

రెండు గాజు పలకలు చేశాను. ఒకటి నాన్నగారిది. పోల్చి చూడటానికి ఆరోగ్యంగా ఉన్న మనిషిది కూడా ఒకటి ఉండాలని ఇక్కడి నియమం, దానికి ఎప్పుడూ నాదే పెడతాను. కడిగేటప్పుడు పెన్సిలుతో రాసిన పేర్లు రెండూ చెరిగిపోయాయి. అయినా అందులో తేల్చుకోవడానికేముంది, దగ్గే మనిషి నాన్నగారే. ఎర్రవి ఉన్న పలక మీద ఆయన పేరు మళ్లీ నా చేత్తోనే రాశాను. అప్పటినుంచి భయంతో అన్నం సహించడం లేదు.

నాన్నగారి మంచం వసారాలోకి మార్చండి. ఆయన కంచం, గ్లాసు వేరు చేసి మరిగే నీళ్లతో కడగండి. పడుకునే చాప ఎండలో వేయండి. చేప ముక్కలో ముల్లు మిగలకుండా పెద్దవాళ్లు నమిలి చూసి పాప నోట్లో పెట్టడం మన ఇంట్లో అలవాటు కదా, అది ఈరోజే మాన్పించండి. క్రిస్మస్‌నాడు బాప్తిస్మానికి పాపను ఆయన ఎత్తుకోకూడదు. ఆ మాట మీరే చెప్పాలి, నాకు ధైర్యం లేదు. పాప పుట్టినప్పటినుంచీ ఆ రోజు కోసమే చూస్తున్నారు పాపం.

దేవుడు మన ఇంటిని కాపాడాలని మోకరించి వేడుకుంటున్న
మీ చెల్లెలు,
విక్టోరియా.

తా.క. గురువారం ఉదయం. కవరు అంటించబోతుండగా డాక్టరమ్మగారికి సంగతి చెప్పాను. పేరు చెరిగిన పలక చూసి మనిషికి జబ్బు అంటగడతావా అని కోప్పడ్డారు. సీసాలో మిగిలినదాన్ని, నాదాన్ని మళ్లీ చేయించారు. ఈసారి ఒకటి పూర్తయ్యాకే రెండోది. నాన్నగారి పలకలో ఒక్క ఎర్ర కడ్డీ లేదు. నాదాంట్లో ఉన్నాయి.

సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వేడెక్కుతుంటే, రవికెలు వదులవుతుంటే, పని ఎక్కువై అనుకున్నాను.

పాపను నాన్నగారే ఎత్తుకోవచ్చు, క్రిస్మస్‌కు నేను రాను. దసరా సెలవుల్లో చేప నమిలి పాపకు పెట్టింది నేనే, ఒక్కసారి కాదు. ఆలస్యం చేయకుండా దాన్ని తీసుకొచ్చి డాక్టరమ్మగారికి చూపించండి అన్నయ్యా. ఈ ఉత్తరం చించడం లేదు, జాగ్రత్తలన్నీ అవే. నాన్నగారు అన్నచోట నా పేరు పెట్టి చదువుకోండి. మొదట్లో పాపకు ముద్దులని రాసిన మాట మాత్రం కొట్టేశాను.