అరిగిన పెద్ద చక్రం

భాగ్యశ్రీ బిడ్డా, ఇక్కడ మేమిద్దరం ఎట్లాగో ఉన్నాం. ఫోన్ చేస్తే మీ అమ్మ వింటుందని కార్డు రాస్తున్నాను.

కాలువ డ్యూటీకి పోవడానికి మీ అన్న విజేందర్ సైకిల్ తీశాను. ఆ గేర్లు నా చేతికి రాలేదు, చైను ఊకె ఊడిపోయేది. జుల్ఫికర్ దుకాణంలో వెనక చక్రానికున్న గేర్లన్నీ పీకించి, మామూలు సైకిల్‌ది చైను పట్టే పాత పండ్ల చక్రం ఒక్కటే వేయించాను. ఊడదీసిన గేరు చక్రాల్లో పెద్దదాన్ని జుల్ఫికర్ వెలుతురులో తిప్పి చూశాడు. "గురవయ్యన్నా, గీ పెద్దదాని పండ్లే అరిగినయ్, మిగతయన్ని కొత్తగనే ఉన్నయ్. గిది గుట్ట ఎక్కెటందుకు పెట్టే తేలిక గేరు. విజేందర్ గుట్టల్లేని సాఫు రోడ్డు మీద గూడ దీంట్లనే తొక్కిండు" అన్నాడు.

గుండె ఆగేదాకా వాడు ఆయాసమని ఒక్క మాట అనలేదు. నీకేమైనా చెప్పాడా? చెప్పి ఉన్నా నిన్ను ఏమీ అనను. మీ అమ్మకు తెలియనీయకు, ఆ సైకిల్ రోజూ తుడిచింది ఆమే. ఆ అరుగుదల తను చూడలేదని కుములుతుంది.

నీ గదికి నీళ్లు వస్తున్నాయా? అక్కడ కొల్లాపూర్ దవాఖానలోనే నీ గుండె చూపించుకుని, జవాబు జుల్ఫికర్ దుకాణానికి రాయి. మెట్లెక్కేటప్పుడు ఆయాసం వస్తే నాకు చెప్పు. వాడిలాగా తేలిక గేరు వెతుక్కోకు బిడ్డా.

నాయిన
నందికొండ