నాగూరుకు ఒకే టిక్కెట్టు

మచిలీపట్నం, 6 ఏప్రిల్ 1979

నాన్నకు మౌలాలి సలాములు. ఈ రోజు పొద్దున్నే ఒక వింత తెలిసింది. మన ఊరివాళ్లు చేసినట్టే బెజవాడకొక టిక్కెట్టు, అక్కడ మద్రాసుకొకటి, మళ్లీ నాగూరుకొకటి కొంటే మీ ఇద్దరికీ ఎంతవుతుందని స్టేషనులో అడిగాను. గుమస్తాగారు నవ్వి, “ఏవయ్యా, ప్రయాణాన్ని చేపలా ముక్కలు కోస్తావేం? నాగూరు దాకా ఇక్కడే ఒకటి తీసుకో. దూరం పెరిగేకొద్దీ మైలు రేటు తగ్గుద్ది” అన్నారు.

“మద్రాసులో మా అక్కకి కొడుకు పుట్టాడండీ.”

“అయితే దిగి రెండు రోజులుండమను. స్టేషన్ మాస్టరు చేత టిక్కెట్టు మీద రాయించుకుంటే సరి. బ్రేక్ జర్నీ అంటారు.”

దూరం వెళ్తే మైలు ఎందుకు చవకవుతుందో ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

నాగూరు దర్గాలో ఉప్పెన నాటి మొక్కు తీర్చడమో, మనవణ్ణి చూడడమో ఏదో ఒకటే కుదురుతుందని అమ్మతో అన్నారుగా. మీరు పంపిన డబ్బుతో రెండూ అవుతాయి.

తాతయ్య దగ్గు తగ్గిందా? గేదె ఈనిందా? ధనరాజు బావ బందరు వస్తే నా నిఘంటువు పంపండి. అమ్మకు సలాములు, చెల్లి హమీదాకు దీవెనలు.

రేపు పొద్దున కౌంటరు తెరవగానే నాగూరు టిక్కెట్లు తీసుకుని, అమ్మా మీరూ వస్తున్నారని అక్కకు కార్డు వేస్తాను.