మాడిన సకినాల కబురు

అక్కా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. మన పిండివంటల దుకాణం చిలకలగూడలోనే నడుస్తోంది. వాడుకగా కొనేవాళ్లకు రోజూ పొద్దున పెట్టే కబురు ఇప్పటికీ నీ ఫోన్ నుంచే పంపుతున్నాను. కానీ రాసేది నా కూతురు ఎక్కించిన యాప్. "తరతరాల రుచులకు తిరుగులేని చిరునామా" అంటుంది. పక్కింటి సత్తెమ్మ చదివి, "ఏందమ్మా, పెండ్లి పత్రిక లెక్క రాస్తున్నరు?" అని అడిగింది.

ఈ రోజు మొదటి వాయి సకినాలు మాడాయి. నువ్వైతే దాచేదానివి కాదు. అందుకని యాప్ జోలికి పోకుండా, నువ్వు ఒకప్పుడు రాసిన మాటే మళ్లీ రాసి పంపాను: "ఇయ్యాల సకినాలు జెర మాడినయి. పండ్లు గట్టిగున్నోళ్లే రండి."

కాసేపటికి లాలాగూడ లలితమ్మ జవాబిచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఆమె ఏడాదికి పైగా ఇల్లు కదల్లేదు.

"సుజాతా, ఇన్నాళ్లకు మళ్ల నువ్వు రాసినవ్. పాణం మంచిగైందా?"

నువ్వు ఆస్పత్రిలో చేరావని ఆమెకు తెలుసు. ఆ తర్వాతి సంగతి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. రోజూ కబుర్లు వస్తుంటే, నువ్వున్నావనే అనుకుంది.

మూకుట్లో నూనె పొగలు వస్తున్నా పొయ్యి ఆర్పలేదు. ఫోన్‌లో ఏదో రాసి, చెరిపేశాను. చివరికి రాశాను:

"అక్క లేదమ్మా. చెల్లెను, నేను రాస్తున్న."

నీ ఫోన్‌లో నేను సొంతంగా రాసిన మొదటి కబురు అదే.