బారన్ భూమి, మా అరెకరా

శుక్రవారం

పక్కచేను ఆసామి హద్దురాయి జరిపాడు, సర్వేయరు మా అరెకరాను ఆయన పేరున రాసేశాడు. బండల ఫ్యాక్టరీలో సెలవు పెట్టి చేనికి పరిగెత్తాను. దారంతా లైబ్రరీ పుస్తకంలో చదివిన నార్మన్ బారనే, అంటే ఆ కాలపు జమీందారే, మనసులో మెదిలాడు. ఇంగ్లండును గెలిచిన రాజు అక్కడి భూములు వాడికి రాసిచ్చాడు. దున్నేవాళ్లను ఎవడూ అడగలేదు. సర్వేయరు మీద అరుస్తుంటే అవ్వ గడ్డపార నా చేతికిచ్చింది.

"అరిస్తే ఏమొస్తాదిరా, ఈడ తవ్వు. రాయి జరిపినోడు బొగ్గులు మరిచిపోయినాడు."

మా తాత అప్పట్లో ఆ చోటే బొగ్గులు పోసి వాటిమీద హద్దురాయి పాతాడు, బొగ్గులు ఎన్నేళ్లయినా కుళ్లవు. తవ్వితే మోకాటి లోతున నల్లగా కనిపించాయి.

"తప్పు పడిందవ్వా, మారుస్తా" అన్నాడు సర్వేయరు.

"సూడప్పా, నీ కాగితం కంటే మా బొగ్గే తెల్లగుండాది" అంది అవ్వ.

హమ్మయ్య. కడుపునిండా తిన్నాను. పాపం, ఆ ఇంగ్లండు రైతులు ఏం తవ్వి చూపించగలిగారో... అయినా సర్వేయరు నోటిమాట నాకొద్దు. పొద్దున్నే మండలాఫీసులో అర్జీ ఇస్తా: సోమవారం సాయంత్రంలోగా సరిచేసిన కాగితం అవ్వ చేతిలో పెట్టాలి.